పైకి పోయిన గ్యాస్ లెక్క ఎవరు రాస్తున్నారు?

సంపాదకులు గారికి నమస్కారం.

సహజవాయువు గురించి పేపర్లలో ఏ వార్త చూసినా క్లీన్ ఇంధనం అనే మాట ఉంటోంది. నేను 34 ఏళ్లు కరెంటు ప్లాంట్లలో షిఫ్టు డ్యూటీలు చేసి రిటైరయ్యాను, ఇప్పుడు గాజువాకలో ఉంటున్నాను. ఆ మాటలో సగం నిజం. రెండో సగం ఎవరూ ఎత్తడం లేదు, అందుకే ఈ ఉత్తరం.

ముందు మా వీధిలో జరిగింది చెబుతాను. పోయిన వేసవిలో కాలువ కోసం తవ్వుతుంటే జేసీబీ తగిలి ఇళ్లకు గ్యాస్ వచ్చే పైపు చిట్లింది. బుస్సుమని ఒకటే శబ్దం, వీధంతా కుళ్లు వాసన. (సహజవాయువుకు సొంత వాసన ఉండదు, లీకైతే మనకు తెలియాలని మందు కలుపుతారు.) మా కోడలు పొయ్యి కట్టేసి పిల్లల్ని తీసుకుని మెయిన్ రోడ్డు మీదకు వెళ్లిపోయింది. ఫోన్ల మీద ఫోన్లు చేస్తే మనిషి వచ్చేసరికి 3 గంటలు దాటింది. వచ్చిన కుర్రాడు వాల్వు కట్టి, "టెన్షన్ పడకండి బాబాయ్, ఇది సిలిండర్ గ్యాస్ లాగా కింద పేరుకోదు, గాలి కంటే తేలిక, పైకి పోతుంది" అన్నాడు. అతను చెప్పింది నిజమే, ఆ పూట మా ఇళ్లు క్షేమంగా ఉన్నాయంటే అందుకే. అయితే 3 గంటల్లో పైకి పోయింది ఎంత, ఎక్కడైనా రాసుకుంటారా అని అడిగాను. "ఇళ్ల దగ్గర మీటర్లు ఉంటాయి గానీ బయటికి పోయినదానికి మీటరెక్కడిది బాబాయ్" అన్నాడు. వాళ్ల ఆఫీసుకు ఉత్తరం రాశాను. ఇప్పటికీ జవాబు లేదు.

నేను ఆ ప్రశ్న ఎందుకు అడిగానంటే, గ్యాస్ మంచిదా చెడ్డదా అనేది తేలేది అక్కడే. సహజవాయువులో చాలా భాగం మీథేన్. దాన్ని కాల్చితే బొగ్గు కంటే ఎంతో నయం. బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీస్తే కిలోకు కాస్త అటూ ఇటూగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, మంచి కంబైన్డ్ సైకిల్ (గ్యాస్ టర్బైన్ వదిలే వేడితో ఆవిరి చేసి మళ్లీ కరెంటు తీసే) గ్యాస్ ప్లాంటులో అయితే 400 గ్రాముల దగ్గర ఆగుతుంది, పైగా బూడిద ఉండదు. బూడిద లేకపోవడం ఎంత పెద్ద విషయమో బొగ్గు ప్లాంటు ఉన్న పరవాడ వైపు ఊళ్లవాళ్లను అడగండి. అదే మీథేన్‌ను కాల్చకుండా గాలిలోకి వదిలేస్తే మాత్రం కథ తిరగబడుతుంది. 20 ఏళ్ల లెక్కలో, అంటే గాలిలో కలిశాక మొదటి 20 ఏళ్లలో చూస్తే, ఒక్క కిలో మీథేన్ దాదాపు 80 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా వేడిని పట్టి ఉంచుతుంది. బావి దగ్గర బయల్దేరి ప్లాంటు చేరేలోపు నూటికి 3 వంతులు దారిలో పోతే చాలు, అదే 20 ఏళ్ల లెక్కలో బొగ్గు మీద గ్యాస్‌కు ఉన్న పైచేయి దాదాపు పోయినట్టే. మన ఊళ్లలో మంచినీళ్ల పైపుల్లో వృథా అయ్యేది ఇంతకంటే చాలా ఎక్కువ. కాబట్టి 3 శాతమే కదా అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు.

గ్యాస్ వద్దని మాత్రం నేను అనను. కంట్రోల్ రూములో కూర్చున్న మనిషిగా చెబుతున్నాను, సాయంత్రం 6 దాటాక గ్రిడ్‌కు అది చేసే సాయం చిన్నది కాదు. ఎండ దిగగానే సోలార్ పడిపోతుంది, సరిగ్గా అప్పుడే ఇళ్లలో లైట్లు, ఏసీలు, మోటార్లు అన్నీ ఒకేసారి ఆన్ అవుతాయి. పూర్తిగా చల్లబడ్డ బొగ్గు యూనిట్‌ను లైటప్ చేసి (మంట అంటించి) ఫుల్ లోడ్‌కు తేవాలంటే 10, 12 గంటలు పట్టొచ్చు, కాబట్టి సాయంత్రానికి కావాల్సిన యూనిట్‌ను మధ్యాహ్నం ఆపడానికి ఉండదు. సోలార్ ఎంత దండిగా వస్తున్నా దాన్ని సగానికి కాస్త పైన లోడులో మండిస్తూ కూర్చోవాల్సిందే, అంతకంటే దించితే బాయిలర్‌లో మంట నిలవదని భయం. ఎన్ని షిఫ్టులు అలా బొగ్గు తగలేస్తూ కూర్చున్నానో నాకు తెలుసు. గ్యాస్ టర్బైన్ అయితే అరగంటలో అందుకుంటుంది, ఆపాలంటే ఆపేయొచ్చు. రోజుకు నాలుగైదు గంటలు గ్యాస్ నడిపితే పగలంతా మండే బొగ్గు కొంత మిగులుతుంది. గ్యాస్‌ను మనం వాడుకోవాల్సింది ఇలా.

దీనికోసం కొత్తగా ప్లాంట్లు కట్టక్కర్లేదు. గ్యాస్ ప్లాంట్లు కట్టిన వేమగిరి, జేగురుపాడు, కొండపల్లి వైపు ఒకప్పుడు ఎంత హడావిడి ఉండేదో నా వయసు వాళ్లకు గుర్తుంటుంది. 2009 ఏప్రిల్‌లో కేజీ-డీ6 (కృష్ణా-గోదావరి తీరం దగ్గర సముద్రంలోని గ్యాస్ క్షేత్రం) నుంచి గ్యాస్ మొదలైంది, 2010లో రోజుకు సుమారు 6 కోట్ల ఘనపు మీటర్ల దాకా వెళ్లింది, 2013 చివరికి అందులో పావు వంతుకు పడిపోయింది. దాన్ని నమ్ముకుని బ్యాంకు అప్పులతో కట్టిన ప్లాంట్లు నెలలకు నెలలు ఖాళీగా పడి ఉన్నాయి. 2024 నాటికి దేశంలో దాదాపు 25 వేల మెగావాట్ల గ్యాస్ ప్లాంట్లు ఉంటే మొత్తం కరెంటులో వాటి వాటా 2 శాతం దగ్గరే. ఆ ఏడాది మే, జూన్ ఎండలకు డిమాండ్ పెరిగితే కేంద్రం విద్యుత్ చట్టం 11వ సెక్షన్ కింద ఈ ప్లాంట్లనే నడపమని చెప్పింది. అవసరానికి పనికొస్తాయని అప్పుడు తేలింది కదా, మరి ప్రతి సాయంత్రానికీ ఒక పద్ధతి ఎందుకు పెట్టరు?

నాకు భయం వేసేది 2030 నాటికి దేశ ఇంధనంలో గ్యాస్ వాటాను 15 శాతం చేస్తామనే లక్ష్యం చూసి. ఇప్పుడున్నది 6, 7 శాతం దగ్గర. మనం వాడేదాంట్లో సగం దాకా బయటి నుంచే వస్తోంది. మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిచి ద్రవంగా చేసి ఓడల్లో తెస్తారు, ఆ చల్లబరచడానికే కొంత గ్యాస్ ఖర్చవుతుంది. 2022లో యుక్రెయిన్ యుద్ధం వచ్చి యూరప్ ఎక్కువ ధర పెట్టి ఓడలను తనవైపు తిప్పుకుంటే, పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లలో గంటల కొద్దీ కరెంటు కోతలు వచ్చాయి. మనకు బొగ్గు ఉంది కాబట్టి గట్టెక్కాం. ఇప్పుడు ఏళ్ల తరబడి నడిచే ఒప్పందాలు రాసుకుని, వాటి కోసం ఓడల నుంచి గ్యాస్ దింపే టెర్మినళ్లు, పైపులైన్లు కట్టుకుంటే, పెట్టిన డబ్బు రాబట్టుకోవడం కోసమైనా గ్యాస్ కాల్చక తప్పదు. ఈలోపు బ్యాటరీలు చవకవుతున్నాయి. రాయలసీమలో పిన్నాపురం దగ్గర పగలు నీళ్లు పైకి ఎక్కించి సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీసే 1,680 మెగావాట్ల ప్రాజెక్టు కట్టారు. అలాంటివి పెరిగే కొద్దీ సాయంత్రం డ్యూటీ కూడా గ్యాస్ చేతిలో నుంచి జారిపోతుంది, జారిపోవాలి కూడా.

ఎరువుల సంగతి వేరు. యూరియాకు కావాల్సిన హైడ్రోజన్ ఇవాళ సహజవాయువు నుంచే తీస్తున్నాం, రేపే మానేయడం కుదరదు. పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ (సోలార్, గాలి కరెంటుతో నీళ్ల నుంచి తీసే హైడ్రోజన్) హబ్‌కు 2025 జనవరి 8న ప్రధాని విశాఖ వచ్చి శంకుస్థాపన చేశారు. అది త్వరగా నిలబడాలని మనసారా కోరుకుంటున్నాను. అప్పటిదాకా ఉన్న గ్యాస్‌ను ముందు ఎరువులకు ఇచ్చి ఆ తర్వాతే మిగతావాటికి ఇవ్వాలి.

మా ఆవిడ పుట్టిల్లు అమలాపురం వైపు. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని 2 నెలలకు పైగా మండినప్పుడు ఆ చుట్టుపక్కల జనం ఎలా బతికారో ఇప్పటికీ చెబుతుంది. 2014 జూన్ 27న అదే కోనసీమలో నగరం అనే గ్రామంలో గ్యాస్ పైపులైన్ పేలి 20 మందికి పైగా కాలిపోయారు. పైపులో చిన్న లీకును పట్టించుకోకపోవడం అంటే ఏమిటో కోనసీమ వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. వాతావరణం కోసం లీకులు వెతికినా, ప్రాణాల కోసం వెతికినా చేయాల్సిన పని ఒకటే.

అందుకే నేను అడిగేది కూడా పెద్ద కోరికేం కాదు. మన జిల్లాలో పైపులు వేసే ప్రతి సంస్థ నెలకోసారి, ఎక్కడ లీకైంది, ఫోన్ వచ్చాక ఎంతసేపటికి మనిషి వెళ్లాడు, అంచనాగా ఎన్ని ఘనపు మీటర్లు పోయింది అనేది జనానికి కనపడేలా పెట్టాలి. పైపులోకి పంపింది ఎంతో వాళ్లకు తెలుసు, ఇళ్ల మీటర్లలో, బంకుల్లో తిరిగింది ఎంతో తెలుసు, తేడా తీయడం ఐదో తరగతి పిల్లలు చేసే తీసివేత. ఆ అంకె బయటపెట్టాకే క్లీన్ ఇంధనం అని బోర్డు పెట్టుకోమనండి. మీ విలేకరులు కూడా గ్యాస్ పైపుల ప్రారంభోత్సవాలకు వెళ్లినప్పుడు ఈ ఒక్క ప్రశ్న అడిగి, వచ్చిన జవాబును ఉన్నదున్నట్టు అచ్చు వేయమని మనవి.

మా వీధిలో చిట్లిన చోట సిమెంటు పోసి మూసేశారు. ఆ 3 గంటల లెక్క నాకింకా రావాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పవర్ ప్లాంట్ ఉద్యోగి,
గాజువాక, విశాఖపట్నం