సాక్షి ఏ మాటతో మొదలుపెట్టాలో సాక్షినే అడగండి: న్యాయశాఖ మంత్రులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల గౌరవనీయ న్యాయశాఖ మంత్రులకు,

నమస్కారం.

కింది కోర్టుల్లో సాక్షి బోనెక్కగానే ఏం జరుగుతుందో మీకు తెలియనిది కాదు. బంట్రోతు పేరు పిలుస్తాడు. సాక్షి వచ్చి నిలబడతాడు. బెంచి క్లర్కు కాగితాల్లోంచి తల ఎత్తకుండానే "దేవుని ఎదుట ప్రమాణం చేసి చెబుతున్నాను, అంతా నిజమే చెబుతాను, అబద్ధం చెప్పను" అంటాడు. సాక్షి అదే మాట తిరిగి అంటాడు. పేరు, తండ్రి పేరు, వయసు, వృత్తి, ఊరు రాసుకుంటారు. వాంగ్మూలం మొదలవుతుంది.

ఇది జరిగిన చోటల్లా చట్టాన్ని రెండు విధాల పక్కన పెట్టినట్టే. దేవుడి పేరు లేకుండా కూడా మాట ఇవ్వవచ్చని సాక్షికి ఎవరూ చెప్పలేదు. ప్రమాణం చేయించాల్సిన జడ్జి చేయించలేదు, క్లర్కు చేయించాడు. ఈ రెంటినీ సరిదిద్దడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఉన్న చట్టాన్ని ఉన్నట్టు అమలు చేయించమని అడగడానికే ఈ లేఖ.

1969 నాటి ప్రమాణాల చట్టం, అంటే ఆ ఏటి 44వ చట్టం, చాలా చిన్నది. మొత్తం 9 సెక్షన్లు, చివర ఒక షెడ్యూలు. సాక్షులు, దుబాసీలు ప్రమాణం గానీ ప్రతిజ్ఞ గానీ చేయాలని 4వ సెక్షన్ చెబుతుంది. 5వ సెక్షన్ ఒక్క వాక్యమే: ప్రమాణానికి బదులు ప్రతిజ్ఞ చేయవచ్చు. అందుకు కారణం చెప్పాలని అందులో లేదు. నీ మతమేమిటని అడిగే అధికారం ఎవరికీ ఇవ్వలేదు. నాస్తికుణ్ణని ఒప్పుకుంటేనే వీలవుతుందనీ లేదు. షెడ్యూలులోని ఒకటో నమూనాలో మొదటి ముక్క మాత్రమే రెండు రకాలుగా ఉంటుంది: "దేవుని పేర ప్రమాణం చేస్తున్నాను" లేదా "సత్యనిష్ఠతో ప్రతిజ్ఞ చేస్తున్నాను". తర్వాతిది అందరికీ ఒకటే. చెప్పబోయేది నిజమని, పూర్తి నిజమని, నిజం తప్ప మరొకటి కాదని.

ఏ గ్రంథం మీదా చెయ్యి వేయాలని ఈ చట్టంలో ఎక్కడా లేదు. భగవద్గీత మీద చెయ్యి వేయించడం సినిమా కోర్టుల్లో కనిపించేది. దాన్ని చూసి పెరిగిన జనం కోర్టు అంటే దేవుడి పేరుతోనే మొదలవుతుందని గట్టిగా నమ్ముతున్నారు. నమ్మకం లేని సాక్షి కూడా బోనులో అభ్యంతరం చెప్పకుండా ఆ మాట అనేయడానికి ఇదొక పెద్ద కారణం.

ప్రతిజ్ఞ అనేది నాస్తికుల కోసం ఈ మధ్య తెచ్చిన సడలింపు అనుకునేవాళ్లకు ఒక్క సంగతి చెప్పాలి. గంగాజలం పట్టుకుని హిందువులు, ఖురాను పట్టుకుని ముస్లింలు ప్రమాణం చేసే పద్ధతిని కంపెనీ ప్రభుత్వం 1840 నాటి 5వ చట్టంతో తీసేసి, దాని స్థానంలో ప్రతిజ్ఞ పెట్టింది. అయితే అప్పటి ప్రతిజ్ఞ మాటల్లో సర్వశక్తిమంతుడైన దేవుడి సముఖం అన్నది ఉండేది. తర్వాత వచ్చిన 1873 చట్టం ప్రకారం సాక్షి హిందువైనా, ముస్లిం అయినా, ప్రమాణం మీద అభ్యంతరం ఉన్నవాడైనా చేయాల్సింది ప్రతిజ్ఞే. అంటే దాదాపు ఒక శతాబ్దం పాటు మన కోర్టుల్లో అత్యధిక సంఖ్యాకులకు చట్టం నిర్దేశించిన దారి అదే. లా కమిషన్ 1965లో ఇచ్చిన 28వ నివేదిక ఈ విషయాన్ని పరిశీలించాక, 1969 చట్టం మతాన్ని బట్టి మనుషుల్ని విడదీసే ఆ పద్ధతిని వదిలేసి, ఎంపికను సాక్షి చేతిలో పెట్టింది.

1873 చట్టంలో ఇంకో విచిత్రమైన ఏర్పాటు ఉండేది. ఫలానా గుడిలో ఫలానా విధంగా ప్రమాణం చేసి చెబితే నేను కట్టుబడతానని ఒక పక్షం సవాలు విసరవచ్చు. అవతలివాడు ఒప్పుకుని ప్రమాణం చేస్తే ఆ విషయంలో అతను చెప్పిందే తిరుగులేని సాక్ష్యం. కాణిపాకంలో ప్రమాణం చేస్తావా అని మన పల్లెల్లో ఇప్పటికీ వినిపించే సవాలుకు ఒకప్పుడు కోర్టులోనూ చోటుండేదన్నమాట. 1969 చట్టం దాన్ని పూర్తిగా తీసేసింది. మిగిలింది 6వ సెక్షన్‌లోని ఒక చిన్న వెసులుబాటు. సాక్షి తనంతట తాను కోరితే, తన వర్గంలో వాడుకలో ఉన్న పద్ధతిలో ప్రమాణం గానీ ప్రతిజ్ఞ గానీ చేయడానికి కోర్టు అనుమతించవచ్చు. అది న్యాయానికీ మర్యాదకీ విరుద్ధంగా ఉండకూడదు, మూడో మనిషికి తగిలేదిగా ఉండకూడదు. "నా బిడ్డ మీద ఒట్టు" అనేది కోర్టులో చెల్లనిది అందుకే. ఏజెన్సీ ప్రాంతాల నుంచి వచ్చే ఆదివాసీ సాక్షులకు ఈ వెసులుబాటు నిజంగా పనికొస్తుంది. దాన్ని అలాగే ఉండనివ్వాలి.

ఇక ఎక్కువమంది భయపడే విషయం. దేవుడి పేరు తీసుకోని సాక్ష్యానికి బలం తగ్గుతుందా? తగ్గదు. చట్టాల్లో వాడే మాటలకు అర్థాలు చెప్పే 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 3వ సెక్షన్ ప్రకారం, చట్టం అనుమతించిన వారి విషయంలో ప్రమాణం అన్న మాటలో ప్రతిజ్ఞ కూడా కలిసే ఉంటుంది. ప్రమాణాల చట్టం 8వ సెక్షన్ సాక్ష్యం చెప్పే ప్రతి మనిషినీ నిజం చెప్పేందుకు కట్టేస్తుంది. అబద్ధపు సాక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద పడే శిక్ష ఇద్దరికీ ఒకటే: న్యాయ విచారణలోనైతే 7 ఏళ్ల వరకు జైలు, జరిమానా. ప్రమాణం చేయించడంలో లోపం జరిగినా, అసలు చేయించడమే మరిచినా విచారణ చెల్లకుండా పోదని 7వ సెక్షన్ చెబుతోంది. 1873 చట్టంలోని ఇలాంటి సెక్షన్ మీదే సుప్రీంకోర్టు 1951లో, రాజస్థాన్ నుంచి వచ్చిన కేసులో, ప్రమాణం చేయించని ఒక చిన్నపిల్ల సాక్ష్యాన్ని అంగీకరించింది. కాబట్టి ప్రతిజ్ఞ వల్ల కేసు పాడవుతుందని ప్రాసిక్యూషన్ భయపడాల్సింది ఏమీ లేదు.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా చిక్కు ఎక్కడ వస్తోంది? "నేను దేవుణ్ణి నమ్మను" అని సాక్షి అన్న చోట వస్తోంది. ఏం చేయాలో తెలియని క్లర్కు జడ్జి వైపు చూస్తాడు. సాక్షి ప్రమాణానికి నిరాకరిస్తున్నాడని ఎవరో ఒకరు అంటారు. నిరాకరణ న్యాయ సంహిత 213వ సెక్షన్ కింద నేరం, 6 నెలల వరకు సాధారణ జైలు. కానీ ఆ సెక్షన్ ప్రమాణాన్నీ ప్రతిజ్ఞనూ రెంటినీ కాదనేవాడి గురించి. ప్రతిజ్ఞ చేస్తానన్నవాడు దేన్నీ నిరాకరించలేదు. ఈ తేడా తెలియక సాక్షి బెదిరిపోతాడు, తనకు అర్థం లేని మాటను అప్పజెబుతాడు. నిజం చెప్పమని పిలిచిన మనిషి చేత మొట్టమొదటి వాక్యమే అబద్ధం చెప్పించడం మాకు చాలా బాధ కలిగించే విషయం. ఇది నాస్తికుల ఒక్కరి బాధ కూడా కాదు. ఒట్టు పెట్టుకోవడమే తప్పని నమ్మే క్రైస్తవులున్నారు. ఇంగ్లండులో 17వ శతాబ్దం చివర ప్రతిజ్ఞ హక్కును చట్టంలోకి తెచ్చింది క్వేకర్లనే క్రైస్తవ శాఖవారి భక్తే. సృష్టికర్త అన్న భావనే లేని బౌద్ధులు, జైనులు ఉన్నారు.

కొన్నిచోట్ల వాంగ్మూలం పత్రం మీద "1969 నాటి 44వ చట్టం ప్రకారం ప్రతిజ్ఞ చేయించబడినది" అని ముందే అచ్చువేసి ఉంటుంది. నోటితో అనిపించింది దేవుడి ప్రమాణం, కాగితం మీద ఉన్నది ప్రతిజ్ఞ. అక్కడ రెండు గడులు ఉండాలి, జరిగినదాని దగ్గర టిక్కు పడాలి. ఏ కోర్టు పత్రంలోనైనా సాక్షి మతం అడిగే గడి మిగిలి ఉంటే దాన్ని తీసేయాలి. జనన ధ్రువపత్రం దరఖాస్తులో మతం లేదు, కులం లేదు అనే వీలు కల్పించాలని తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో ఆదేశించింది. పుట్టిన బిడ్డకు దొరికిన ఆ స్వేచ్ఛ బోనులోని సాక్షికి దొరకకుండా ఉండే కారణం మాకు కనిపించడం లేదు.

ప్రమాణం ఎవరు చేయించాలన్న ప్రశ్నకు కూడా చట్టంలోనే జవాబుంది. 6వ సెక్షన్ రెండో ఉపవిభాగం ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టులు మినహా మిగతా అన్ని కోర్టుల్లో ప్రిసైడింగ్ అధికారి, అంటే విచారణ జరిపే జడ్జి, స్వయంగా చేయించాలి. అక్కడే జడ్జి "రెండు పద్ధతులున్నాయి, మీకు ఏది ఇష్టం?" అని అడిగితే సరిపోతుంది. పావు నిమిషం కూడా పట్టదు.

ఇందులో ఒక ఇబ్బంది ఉందని మాకు తెలుసు. నిండు కోర్టు హాల్లో, సొంత ఊరివాళ్లు వెనక బెంచీల్లో కూర్చుని ఉండగా, ప్రతిజ్ఞ ఎంచుకోవడమే తన నమ్మకాన్ని బయటపెట్టుకోవడం అవుతుంది. అందుకే సాక్షి హాజరు రాసుకునేటప్పుడే బెంచి క్లర్కు ఒక చిన్న చీటీ ఇచ్చి టిక్కు పెట్టించుకోవాలి. చదవలేనివారికి రెండు వాక్యాలూ పక్కకు పిలిచి చదివి వినిపించాలి. బోనులో పెద్ద అక్షరాలతో రెండు వాక్యాలున్న అట్ట ఉండాలి, తెలుగులోనూ ఉర్దూలోనూ. ఎదుటి పక్షం వకీలు క్రాస్ ఎగ్జామినేషన్‌లో "దేవుడే లేడనేవాడివి, నీ మాటకు విలువేముంది?" అని అడిగితే, భారతీయ సాక్ష్య అధినియమం 151, 155 సెక్షన్ల కింద ఆ ప్రశ్నను ఆపే అధికారం జడ్జికి ఉంది. రెండు రాష్ట్రాల జ్యుడీషియల్ అకాడమీల శిక్షణలో ఈ సంగతి చేర్చాలి.

సివిల్ కేసుల్లో చిక్కు ఇంకో రూపంలో ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 18వ ఆర్డరు 4వ రూలు ప్రకారం చీఫ్ ఎగ్జామినేషన్, అంటే సాక్షిని పిలిచిన పక్షం తరఫున మొదట చెప్పించే సాక్ష్యం, అఫిడవిట్ మీదే నడుస్తోంది. టైపింగ్ సెంటర్లలో, నోటరీల దగ్గర తిరిగే నమూనాల్లో ప్రమాణమూ ప్రతిజ్ఞా కలగలిసి ఉంటాయి. అఫిడవిట్లకు ప్రమాణాల చట్టం షెడ్యూలులో 4వ నమూనా విడిగా ఉంది, అందులోనూ రెండు దారులున్నాయి. రెండు వేర్వేరు నమూనాలను తెలుగులో అచ్చువేయించి నోటరీలకు, అఫిడవిట్ల మీద ప్రమాణం చేయించే ఓత్ కమిషనర్లకు పంపితే చాలు.

12 ఏళ్ల లోపు పిల్లల సంగతి మరింత సున్నితం. నిజం చెప్పాలన్న బాధ్యత తెలిసి, ప్రమాణం అంటే ఏమిటో తెలియని పిల్లలకు 4వ సెక్షన్ ప్రమాణం నుంచి మినహాయింపు ఇచ్చింది. సాక్ష్యం చెప్పగలరో లేదో చూసే ప్రశ్నల్లో "దేవుడున్నాడా? అబద్ధం చెబితే దేవుడేం చేస్తాడు?" అని అడగకూడదు. గోడ తెల్లగా ఉంటే నల్లగా ఉందనడం నిజమా అబద్ధమా అని అడిగితే తెలుసుకోవాల్సింది తెలుస్తుంది.

మీరు చేయగలిగింది ఇదీ. సాక్ష్యం, ప్రమాణాలు రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలో 12వ అంశం కనుక రాష్ట్రానికి ఇందులో పాత్ర ఉంది. కింది కోర్టుల పత్రాల నమూనాలు నిర్ణయించేది రాజ్యాంగం 227వ అధికరణం కింద హైకోర్టు, దానికి ముందుగా గవర్నర్ ఆమోదం కావాలి. కింది కోర్టుల పని నడిపే నియమాలైన 1990 నాటి క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్‌లో, 1980 నాటి సివిల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్‌లో అవసరమైన మార్పుల కోసం మీ శాఖల నుంచి రెండు హైకోర్టుల రిజిస్ట్రార్ జనరళ్లకు లేఖలు వెళ్లాలి. నమూనాలు మారడానికి సమయం పడుతుంది. ఈలోగా జడ్జి స్వయంగా అడగడం, చీటీ, బోనులో అట్ట అనే మూడింటికీ హైకోర్టుల నుంచి ఒక సర్క్యులర్ చాలు. ముందుగా దానికోసం కోరండి. సర్క్యులర్ ముసాయిదా, రెండు అఫిడవిట్ నమూనాలు, చీటీ నమూనా తెలుగులో తయారుచేసి ఇవ్వడానికి మేము సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
కోర్టు పనులతో పరిచయమున్న కొందరు న్యాయవాదులు, హేతువాదులు