చెప్పులు రుద్దుకుని అడవిలోకి

ఎడిటర్ గారికి, మాది కావలి. పోయిన సంక్రాంతికి మెల్బోర్న్‌లో మా అబ్బాయి దగ్గరికి పోతే సముద్రం ఒడ్డునే పోయే గ్రేట్ ఓషన్ రోడ్డు మీద కారులో తిప్పాడు, టార్కీ అనే ఊరి నుంచి 243 కిలోమీటర్లు, మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919లో మొదలుపెట్టి 1932కి పూర్తి చేశారంట, అదీ పలుగూ పారలతో. సముద్రంలో నిలబడ్డ ట్వెల్వ్ అపోసిల్స్ అనే సున్నపురాయి స్తంభాలు పేరుకే పన్నెండు, 2005లో కూడా ఒకటి కూలింది. వాటికన్నా నాకు ఆట్వే అడవి నడక నచ్చింది, మొదట్లోనే చెప్పులు రుద్దుకోడానికి బ్రష్షు పెట్టినారు, మట్టితో పాటు చెట్ల వేళ్ల తెగులు లోపలికి పోకూడదంట, ఇంటి గడప కాడ కూడా ఇంత శ్రద్ధగా కాళ్లు కడుక్కోరే అనింది మా ఆవిడ! లోపలంతా చెక్కబాట. మన మైపాడు, కొత్తపట్నం బీచ్‌ల కాడ కూడా అట్లాంటిదొకటి వేస్తే మోకాళ్ల నొప్పులోళ్లం మేమూ నీళ్ల దాకా పోతాం సార్, ఇప్పుడైతే ఇసకలో దిగబడి సగం దూరంలోనే కూర్చుంటున్నా.