ముందు వెనక లైటు పెట్టుకో

చిట్టీ,

మొన్న ఫోన్లో మాటవరసకు అన్నావు, లైబ్రరీ నుంచి రూముకు వచ్చేసరికి ఏడున్నర అవుతోందని. సైకిలుకు లైటు లేదా అంటే, వీధిలైట్లు ఉన్నాయి కదమ్మా అన్నావు. ఆ రాత్రంతా నాకు కంటిమీద కునుకు లేదు. ఫోన్లో చెబితే "సరేలే" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను. రేపు గుణుపురం బండికి మావయ్య వస్తున్నాడు. ఈ ఉత్తరంతో పాటు ఒక అట్టపెట్టె ఇస్తాడు.

అందులో వెనక లైటు నేను కట్టిందే ఉంది. ముందు లైటుకు సామాను విడిగా పెట్టాను. అది నువ్వే కట్టుకోవాలి.

నీ దగ్గర ఇన్నాళ్ళూ దాచిన సంగతి ఒకటి ఉంది. నువ్వు ఆరో తరగతిలో ఉండగా నాన్న ఎడమ చెయ్యి విరిగింది కదా, జారిపడ్డారని చెప్పాం. జారిపడలేదు. పాతపట్నం నుంచి పర్లాకిమిడి వస్తూ, ఎదురుగా వస్తున్న లారీకి దారి ఇద్దామని రోడ్డు పక్కన ఆగారు. ఆ సైకిలుకు ఉన్నది డైనమో లైటు. చక్రం తిరిగినంతసేపే వెలుగు, కాలు కింద పెట్టగానే ఆరిపోయింది. వెనక మడ్‌గార్డు మీద, వెలుతురు పడితే మెరిసే ఎర్ర బిళ్ళ ఎప్పుడో ఊడిపోయింది, కొత్తది వేయించుకోలేదు. వెనక నుంచి వచ్చిన ఆటో తగిలింది. ఆ అబ్బాయే ఆసుపత్రికి తీసుకొచ్చాడు. "బాబాయ్, నువ్వు కనపడలేదు, నిజంగా కనపడలేదు" అని గుమ్మంలో నిలబడి ఏడుస్తూనే ఉన్నాడు. వాడి మీద నాకు ఇప్పటికీ కోపం రాదు. చీకట్లో ఆగి ఉన్న సైకిలు ఎవరికి కనపడుతుంది?

అందరూ ముందు లైటు గురించే అడుగుతారు. గుంటలు కనపడాలి కదా అని. గుంటలో పడితే మోకాలు చెక్కుకుపోతుంది. వెనక నుంచి వచ్చేవాడికి మనం కనపడకపోతే ఏమవుతుందో ఇంట్లో చూశాను. అందుకే వెనకది కట్టి మరీ పంపుతున్నాను, నువ్వు రేపు మాపు అనకుండా.

పాత ఆయింట్‌మెంట్ డబ్బాలో మూడు ఎర్ర ఎల్ఈడీలు పెట్టాను. ఒక్కోదానికి విడిగా, కరెంటును అదుపు చేసే 120 ఓముల రెసిస్టర్ ఉంది, గోధుమ, ఎరుపు, గోధుమ గీతలు చూడు. మూడింటికీ కలిపి ఒకటే వేస్తే పని అయిపోతుందనిపిస్తుంది కానీ, ఎల్ఈడీలు అన్నీ ఒక్కలా ఉండవు, ఒకటి ఎక్కువ కరెంటు లాక్కుని ముందే పోతుంది. ఎర్రదానికి సుమారు 2 వోల్టులు చాలు. మనం వాడే లిథియం సెల్ నిండుగా ఉంటే 4.2 వోల్టులు. ఆ మిగులును రెసిస్టర్ మింగాలి. మూడూ కలిపి తీసుకునేది మహా అయితే సుమారు 55 మిల్లీ యాంపులు కాబట్టి 2000 మిల్లీ యాంప్ అవర్ సెల్ రోజుకు గంట చొప్పున నెల దాటి వస్తుంది. బ్లింకింగ్ పెట్టలేదు. ఎంత దూరంలో ఉన్నావో వెనకవాళ్ళు అంచనా వేసుకోవాలంటే నిలకడగా వెలిగేదే మంచిదని నా నమ్మకం.

ఇక ముందు లైటు. అల్యూమినియం బిళ్ళ మీద ఉన్న ఒక వాట్ తెల్ల ఎల్ఈడీ పెట్టాను. దగ్గరగా చూడు, మధ్యలో పసుపు చుక్క ఉంటుంది. లోపల చిప్ ఇచ్చేది నీలం వెలుగు. ఆ పసుపు పూత అందులో కొంత మార్చి కలిపితే మన కంటికి తెల్లగా కనపడుతుంది. ఆ నీలం ఎల్ఈడీ కోసమే అకసాకి, అమానో, నకమురా అనే శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ ఇచ్చారు. సంఘంలో సోలార్ లైట్లు కట్టిన రెండేళ్ళూ ఆ చుక్కను వందలసార్లు చూశాను, ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

దీనికి 3.3 ఓముల రెసిస్టర్, ఒక వాట్ సైజుది. అల్యూమినియం బిళ్ళను పాత టార్చి తలకాయలో రేకుకు ఆనించి బిగించు, లేకపోతే వేడెక్కి ఎల్ఈడీ పాడవుతుంది. సెల్‌కు మాత్రం నేరుగా టంకం పెట్టకు తల్లీ, ఆ వేడికి అది పాడవుతుంది. హోల్డర్ పెట్టాను, ఛార్జింగ్ బోర్డు కూడా. ప్లస్, మైనస్ రెండుసార్లు చూసుకుని సెల్ వెయ్యి.

టంకం కుదిరిందో లేదో కంటితోనే తెలుస్తుంది. కుదిరితే మెరుస్తూ, తీగ మీదికి పాకి, అంచు పల్చగా ఉంటుంది. కుదరకపోతే బూడిదరంగులో ఉండలా పైపైన కూర్చుంటుంది. అలాంటిది గతుకుల రోడ్డు మీద రెండు రోజులు ఆగదు. ముందు తీగను, బిళ్ళను వేడి చెయ్యి, తర్వాత టంకం తగిలించు.

హ్యాండిలుకు కట్టడానికి పాత ట్యూబు ముక్కలు కోసి పెట్టాను. వాటికి మించిన క్లాంపు లేదు. వెలుగు నేల మీద పడేలా వంచు, ఎదుటివాళ్ళ కళ్ళలో కొట్టకూడదు.

వెనక లైటు మాత్రం పెట్టె విప్పిన రోజే కట్టెయ్యి. చీకటి పడ్డాక సైకిలు గోడకు ఆనించి, వంద అడుగులు నడిచి వెనక్కి తిరిగి చూడు. ఎర్రగా కనపడిందా లేదా, అక్కడి నుంచే నాకు ఫోన్ చెయ్యి. నాన్న కూడా పక్కనే ఉంటారు.

మీ అమ్మ