నెరబైలు తోటలో ఆ రాత్రి మా అమ్మను అడిగి ఏసీ వేసిన మెకానిక్ గారికి కృతజ్ఞతలు

భాకరాపేటలో ఏసీలు, మోటార్లు బాగుచేసే ఒక మెకానిక్ గారికి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పేరు వేయవద్దని ఆయన కోరారు కాబట్టి వేయడం లేదు. శనివారం రాత్రి పదిన్నర నుంచి ఒంటిగంట దాటేవరకు ఆయన చేసిన పని, అంతకుమించి మా అమ్మతో ఆయన మాట్లాడిన తీరు, రెండు రోజులుగా నా కళ్ల ముందు నుంచి కదలడం లేదు. నాకు ఇంకా సరిగా నిద్ర లేదు. ఎక్కడైనా మాట తడబడితే చదివేవారు మన్నించాలి.

మా అమ్మకు 74 ఏళ్లు. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, దాంతోపాటే మాట కూడా పోయింది. మనం చెప్పేది ఆమెకు తెలుస్తుంది, బదులు చెప్పడమే చేతకాదు. గుండె బలహీనంగా ఉన్నందువల్ల ఒంట్లో నీరు చేరకుండా మాత్రలు వాడుతోంది, ఆ మాత్రలు వేసుకునేవారిని ఎండకు, ఉక్కకు దూరంగా ఉంచాలని డాక్టరు గట్టిగా చెప్పారు. ఆమె పుట్టిల్లు ఎర్రావారిపాళెం వైపు. చిన్ననాడు వాళ్ల నాన్నతో నడిచి వెళ్లిన తలకోన సిద్ధేశ్వరస్వామి గుడిని ఆమెకు మరొక్కసారి చూపించాలని నాకు కోరిక. కూర్చోలేని మనిషి కాబట్టి, లోపల మంచమూ పైకప్పు మీద ఏసీ ఉన్న కారవాన్ వ్యానును తిరుపతిలో రెండు రోజులకు అద్దెకు తీసుకున్నాము. తలకోనలోని 270 అడుగుల జలపాతం దాకా ఆమెను మోసుకుపోలేమని ముందే తెలుసు. గుడి దగ్గర చెట్ల నీడలో వ్యాను తలుపు తెరిచి పెడితే చాలనుకున్నాము, అలాగే చేశాము, అమ్మ చాలాసేపు ఆ వైపే చూస్తూ ఉండిపోయింది. రాత్రికి నెరబైలు దగ్గర తెలిసినవారి మామిడితోటలో ఆగాము.

తొమ్మిది గంటలకు ఏసీ చల్లదనం ఆగిపోయింది. పంకా తిరుగుతూనే ఉంది, గాలి వస్తూనే ఉంది, కాని అది వేడిగాలి. కొన్ని నిమిషాలకొకసారి పైన ఏదో మూలిగినట్టు చప్పుడై, టక్కుమని ఆగిపోయేది. గ్యాసు అయిపోయిందని మేము అనుకున్నాము. పగలంతా ఎండకు కాగిన రేకు పైకప్పు ఆ వేడినంతా లోపలికి వదులుతోంది, కిటికీలు అన్నీ తీసినా గాలి కదలడం లేదు. లోపలి థర్మామీటరు 37 డిగ్రీలు చూపింది. అమ్మ ఊపిరి పొట్టిగా, తొందరతొందరగా రావడం మొదలైంది.

వ్యాను అద్దెకిచ్చిన సంస్థకు పదకొండుసార్లు ఫోను చేశాను. కార్యాలయం ఉదయం 9 గంటలకు తెరుస్తారన్న రికార్డు మాట తప్ప మనిషి గొంతు వినబడలేదు. వాహనాలకు దారిలో సాయం చేసే మరో నంబరుకు చేస్తే, ఇంజను ఆగిపోతేనే వస్తామని, లోపలి ఏసీ తమ పరిధిలోకి రాదని చెప్పారు. రాత్రి తొమ్మిది దాటాక ఘాట్ రోడ్డు ఎక్కకూడదని ఒప్పందంలోనే రాసి ఉంది. డ్రైవరు ఉదయం ఆరుకు వస్తానని అప్పటికే పీలేరు వెళ్లిపోయాడు. అన్నయ్య కారులో అమ్మను పడుకోబెట్టే వీలు లేదు. 108కి చేద్దామా అని తర్జనభర్జన పడుతుండగా భాకరాపేట టీ కొట్టావిడ ద్వారా ఈయన నంబరు దొరికింది. ఎక్కడ, ఎవరు అని రెండే ప్రశ్నలు వేసి, లోపల పెద్దావిడ ఉందనగానే "వస్తా ఉండానమ్మా" అని పెట్టేశారు.

ఆయన వచ్చీ రాగానే పైకప్పు వంక చూడలేదు. లోపలికి తొంగిచూసి, మిషను సంగతి తర్వాత, ముందు తడిబట్టలు మెడకు, చంకలకు పెట్టి విసరండి అన్నారు. డాక్టరు గారు ఫోనులో చెప్పింది కూడా అదే, కంగారులో మేము సగమే చేశాము. ఆ తర్వాత ఆయన మంచం పక్కన వంగి అమ్మతో అన్నారు: "పెద్దమ్మా, నేను ఏసీ బాగుచేసేదానికి వచ్చినాను. ఇప్పుడు నీ తలమీద మూత తీస్తా ఉండా. రవ్వంత దుమ్ము పడతాది, కండ్లు మూసుకో."

అమ్మ కళ్లు మూసుకుంది.

రెండేళ్లలో ఎందరో డాక్టర్లు, నర్సులు, బంధువులు అమ్మ మంచం దగ్గర నిలబడి, ఆమెను దాటి మాతోనే మాట్లాడారు. తింటోందా, నిద్రపోతోందా, మోషను అవుతోందా అన్నీ మమ్మల్నే అడిగారు. నేను కూడా ఎప్పటి నుంచో తెలియదు, అలాగే మాట్లాడుతున్నాను. ఆ రాత్రి ఒక కొత్త మనిషి స్క్రూడ్రైవరు చేతిలో పట్టుకుని, చప్పుడు చేయబోయే ప్రతిసారీ ముందుగా ఆమెకు చెప్పి చేశారు. "ఇప్పుడు పైన ఎక్కుతా ఉండా, టకటకమంటాది, భయపడబాక." "లైటు ఆరిపోతాది పెద్దమ్మా, నీ కూతురు నీ పక్కనే ఉండాది." నేను చీకట్లో అమ్మ చెయ్యి పట్టుకుని ఏడ్చాను.

పని విషయం కూడా వివరంగా రాస్తాను, ఇలాంటి వ్యానుల్లో పెద్దవాళ్లను తీసుకెళ్లేవారికి పనికివస్తుంది. మూత తీసి చూస్తే ఫిల్టరు మీద దుమ్ము మందంగా పేరుకుని ఉంది. దాన్ని కడిగించి, తర్వాత మీటరుతో కరెంటు చూశారు. తోటలోని మీటరు బోర్డు దగ్గర 226 వోల్టులు ఉంది, వ్యాను లోపల మాత్రం, గ్యాసును నొక్కి చల్లదనం పుట్టించే కంప్రెసర్ లేవబోయిన క్షణంలో 180కి పడిపోతోంది. కంప్రెసర్ లేచేటప్పుడు, నడిచేటప్పటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుందట. వ్యానుతోపాటు ఇచ్చిన ముప్ఫై మీటర్ల వైరు దానికి చాలనంత సన్నం, పైగా సగం వైరు దాన్ని చుట్టిపెట్టే చక్రానికే చుట్టి ఉంది. ఆ చుట్టను నా చేత తాకించారు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. ఇంకో గంట ఉంటే అంటుకునేదని చెప్పారు.

తర్వాత ప్లగ్గు పీకించి, దాన్ని మా అన్నయ్య కొడుకు చేతికి ఇచ్చి, తాను చెప్పేదాకా ఎవరికీ ఇవ్వవద్దన్నారు. పైకెక్కి కవరు తీసి, కంప్రెసర్ లేవడానికి ఊతమిచ్చే కెపాసిటర్ రెండు కొనలకు హోల్డరు బల్బు తగిలించి అందులో మిగిలిన కరెంటును పోగొట్టారు. ప్లగ్గు తీసేసినా అది కొట్టగలదట, తెలియనివాళ్లు అక్కడ వేలు పెట్టకూడదని రెండుసార్లు చెప్పారు. కెపాసిటర్ నెత్తి ఉబ్బిపోయి ఉంది. దాని మీద 35 మైక్రోఫారడ్లు (అది దాని సామర్థ్యపు కొలత) అని రాసి ఉంటే మీటరు 19 చూపింది. అంటే గ్యాసు నిక్షేపంగా ఉంది, కంప్రెసర్ కూడా బాగానే ఉంది, దాన్ని లేపే చేయూత లేక అది మూలిగి, వేడెక్కి, తనంతట తాను ఆగిపోతోంది. ఆయన సంచిలో 36 మైక్రోఫారడ్లది, 440 వోల్టులది ఉంది; ఒకటి ఎక్కువైతే ఫరవాలేదు, వోల్టులు మాత్రం తగ్గకూడదని చెప్పి దాన్ని బిగించారు. అయితే ఆ సన్నవైరు మీదనే నడిపితే కంప్రెసరే కాలిపోతుందని, లావు కేబులు దొరికేదాకా ఆన్ చేయనని పట్టుబట్టారు. పక్క తోట రైతు ఎండిపోయిన బోరు నుంచి పైకి తీసి పెట్టిన మూడు తీగల మోటారు కేబులు తెచ్చి ఇచ్చారు. మూడో తీగను ఎర్తుకు కలిపి, మిగిలిన రెండింటితో కరెంటు ఇచ్చారు.

అన్నీ సిద్ధమయ్యాక ఆయన మళ్లీ అమ్మ దగ్గరికి వచ్చారు. "మిషను ఆన్ చేస్తా ఉండా పెద్దమ్మా. ఒక్కసారి గుడగుడమంటాది. చెయ్యమంటావా?" అని అడిగి, ఆగారు. మేమందరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాము. ఆయన మాత్రం ఆమె ముఖంలోకి చూస్తూ ఎదురుచూశారు. అమ్మ ఎడమ చెయ్యి దుప్పటి మీద నుంచి కొంచెం పైకి లేపింది. అప్పుడు ఆన్ చేశారు.

కంప్రెసర్ మొదటి ప్రయత్నంలోనే అందుకుంది. ఏసీ లోపలి నుంచి పీల్చే గాలి 34 డిగ్రీలు, అది మళ్లీ లోపలికి వదిలే గాలి 23 డిగ్రీలు ఉన్నాయని థర్మామీటరు పెట్టి చూపించారు. మధ్యలో కరెంటు పోయి వస్తే మూడు నిమిషాలు ఆగి కాని ఆన్ చేయవద్దని చెప్పారు. తర్వాత కూడా వెంటనే వెళ్లలేదు. అరగంటసేపు తలుపు దగ్గర మెట్టు మీద కూర్చుని, కేబులును అప్పుడప్పుడు చేత్తో తాకి చూస్తూ, అమ్మ ఊపిరి నెమ్మదించి నిద్రలోకి జారాక లేచారు. కెపాసిటరుకు, కూలికి కలిపి 650 రూపాయలు అడిగారు. నేను 2,000 చేతిలో పెడితే 1,350 లెక్కపెట్టి తిరిగి ఇచ్చారు. అయ్యా, మీకు నేను ఇవ్వవలసిన బాకీ ఆ 650తో తీరలేదు.

అన్నయ్య, వదిన, పిల్లలు ఆ రాత్రి ఎవరూ కన్ను మూయలేదు. ఇంటివాళ్లు, వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

అద్దె సంస్థ మాత్రం ఆదివారం మధ్యాహ్నం ఫోను చేసి, బయటి మనిషి చేత ఏసీ మూత తీయించినందుకు మా అడ్వాన్సులో కోత పెడతామన్నారు. రోజుకు 9,000 రూపాయలు తీసుకునేవారు ఒక ఫిల్టరు కడగలేదు, తగిన కేబులు ఇవ్వలేదు, రాత్రివేళ ఫోను ఎత్తడానికి ఒక మనిషిని పెట్టలేదు. పన్నెండు పేజీల ఒప్పందం మొత్తం ఇంగ్లీషులో ఉంది. అందులో గీత పడితే ఎంత, మరక పడితే ఎంత అని వివరంగా ఉంది, లోపల ఉన్న మనిషికి ఆపద వస్తే ఏమి చేస్తారో ఒక్క వాక్యం లేదు. బుక్ చేసేటప్పుడే రోగి ఉందని చెప్పాము, రాసి కూడా ఇచ్చాము. ఆ కోతను నేను ఒప్పుకోను. ఉబ్బిన కెపాసిటరును, ఆ సన్నవైరు ఫోటోలను దాచిపెట్టాను.

ఇంతవరకు రాసి చూసుకుంటే ఎందరినో వదిలేశాను. కొట్టు మూసేసి ఇంటికి వెళ్లినా ఫోను ఎత్తి మెకానిక్ నంబరు చెప్పిన టీ కొట్టు అక్కకు, నిద్రలేచి ఇరవై నిమిషాలు ఫోనులోనే ఉండి అమ్మ ఊపిరి లెక్క చెప్పించుకున్న తిరుపతి డాక్టరు గారికి, నెరబైలులో సోడా కొట్టు తెరిపించి ఐసు తెచ్చిన తోట కాపలా అబ్బాయికి నమస్కారాలు. అబ్బాయికి ఐసు డబ్బులు ఇచ్చామో లేదో గుర్తు లేదు, వదినను అడగాలి.

కేబులు ఇచ్చిన రైతు గారిని అసలు మరిచిపోయాను. ఆయన కేబులు పొరపాటున మా సామానుతో కలిసి తిరుపతి వచ్చేసింది, ఇప్పుడు మా వరండాలో ఉంది. చీకట్లో ఆయనను మామా అని పిలిచానే తప్ప పేరు అడగలేదు. వచ్చే ఆదివారం కేబులు తీసుకుని వస్తున్నాను మామా, అప్పుడు అడుగుతాను.