ఇన్సులిన్ పెన్నుకు రంగొక్కటే గుర్తా?
రెండు రకాల ఇన్సులిన్ వాడే షుగర్ పేషెంట్లు పెన్నుల్ని కేవలం రంగు చూసి పోల్చుకోవాల్సి రావడం ప్రమాదకరం, ఎందుకంటే పేరేమో చీమంత ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటుంది. మా అమ్మకు భోజనానికి ముందు త్వరగా పనిచేసేది ఒకటి, పడుకునే ముందు దాదాపు 24 గంటలు నెమ్మదిగా పనిచేసే గ్లార్జిన్ ఒకటి. పోయిన నెల మందుల షాపులో భోజనం ఇన్సులిన్ ఎప్పుడూ వాడే కంపెనీది లేదని వేరేది ఇచ్చారు, దాని రంగు గ్లార్జిన్ పెన్ను రంగుకు దగ్గరగా ఉంది, ఆ రాత్రి గ్లార్జినే అనుకుని 18 యూనిట్లు భోజనం ఇన్సులిన్ వేసేసుకుంది. చెమటలు, వణుకు, షుగర్ 52. పంచదార నీళ్లు తాగించి ఆసుపత్రికి పరుగెత్తాం. మందు చూసి పోల్చుకుందామా అంటే రెండూ నీళ్లలా తేటగానే ఉంటాయి. పాత హ్యూమన్ ఇన్సులిన్‌లకు తక్కువసేపు పనిచేసే రెగ్యులర్‌కు పసుపు, అంతకన్నా ఎక్కువసేపు పనిచేసే ఎన్‌పీహెచ్‌కు ఆకుపచ్చ, ఆ రెండూ కలిపిన 30/70కి గోధుమ రంగు అని అంతర్జాతీయ కోడ్ ఉంది కదా, కొత్త రకాలకొచ్చేసరికి ఏ కంపెనీ రంగు దానిదే! పైగా షుగర్ వల్ల కొందరికి నీలం, పసుపు తేడా పట్టే చూపే తగ్గుతుంది, శుక్లాలుంటే ఇక చెప్పక్కర్లేదు. ఔషధ నియంత్రణ సంస్థ అన్ని కంపెనీలకూ రకానికో రంగు ఖరారు చేసి, భోజనం పెన్నుకు వేలికి తగిలే గాట్లు, పెద్ద తెలుగు అక్షరాల్లో ‘భోజనానికి ముందు’, ‘రోజుకోసారి’ అనే స్టిక్కర్లు తప్పనిసరి చేయాలి. అందాకా మేం అన్నం పెన్నుకు రబ్బరు బ్యాండు చుట్టి వంటింట్లో, రెండోది మంచం పక్కన పెడుతున్నాం.
– ఓ పాఠకుడు, ఖమ్మం