పేరాలో లేని జవాబుకు సున్నా మార్కులా?

సంపాదకులకు నమస్కారం.

మన జిల్లా పిల్లలు చదవడంలో బాగా ముందుకొచ్చారని అధికారులు చెప్పిన వార్త గత వారం మీ జిల్లా పేజీలో చూశాను. గడగడా చదివితే చదువు వచ్చేసినట్టేనా?

మా అమ్మాయి చదివే బడిలో మొన్న తెలుగు పరీక్షకు అపరిచిత గద్యం ఇచ్చారు. అందులో కథ ఇదీ: 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వెళ్లిన మర్నాడు తాతయ్య తోట చూసొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. సంక్రాంతి తర్వాత జరగాల్సిన అత్త పెళ్లి వాయిదా పడింది. చక్కటి పేరా. ప్రశ్నలు మాత్రం తుపాను పేరేమిటి, తాతయ్య ఎక్కడ కూర్చున్నాడు లాంటివే. పెళ్లి ఎందుకు ఆగిందన్న ఒక్క మంచి ప్రశ్నకు "కొబ్బరి చెట్లు కూలిపోయి ఉంటాయి, పెళ్లికి డబ్బు లేదు" అని మా అమ్మాయి రాస్తే సున్నా వేశారు. జవాబుల కీలో "తుపాను వల్ల" అని ఉందట. పేరాలో లేనిది రాయకూడదట!

ఆ తుపానుకు కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలకొరిగాయో మా ఉద్దానం ప్రాంతంలో తెలియని ఇల్లుందా? కొత్త కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. తుపానుకీ పెళ్లికీ మధ్య రాయకుండా వదిలేసినదంతా పిల్ల తనంతట తానే పోల్చుకుంది. చదివి అర్థం చేసుకోవడమంటే అదే కదండీ. ఇష్టమొచ్చినట్టు ఊహించమని నేను అనడం లేదు. పెళ్లికొడుకు నచ్చలేదని రాస్తే తప్పే, దానికి పేరాలో ఆధారం లేదు. తాతయ్య కూలబడింది తోట చూసొచ్చాక, అదీ ఆధారం. ఏ వాక్యాన్ని బట్టి అలా అనుకున్నావని పిల్లల్ని అడిగి మార్కులు వేయాలి.

2026-27 నాటికి మూడో తరగతి పూర్తిచేసే ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలని 2021లో కేంద్ర ప్రభుత్వం వారు నిపుణ్ భారత్ కార్యక్రమం మొదలుపెట్టారు. ఇక్కడేమో టీచర్లను యాప్‌లో ఫొటోలు ఎక్కించే పనిలో ముంచేశారు. కీ దాటి ఆలోచించే తీరిక వాళ్లకెక్కడిది? తనిఖీకి వచ్చేవాళ్లు రిజిస్టర్లు చూసి వెళ్లిపోతారు, ప్రశ్నపత్రం ఎవరూ తిరగేయరు. ఒడిశాలో భారీ వర్షాలని పేపర్లో చదివి, ఇక్కడ ఎండ కాస్తున్నా వంశధారకు వరద వస్తుందని పోల్చుకోలేని పిల్లలు రేపు ఎలా బతుకుతారు?

జిల్లా విద్యాశాఖ వారు వచ్చే పరీక్షల కీలోనైనా "సరైన ఆధారం చూపిన ఏ జవాబుకైనా మార్కులు" అన్న ఒక్క వాక్యం చేర్చాలి. మీ పిల్లల పేజీలో కూడా ఇలాంటి పేరాలు, వాటికి తగిన ప్రశ్నలు వేయండి.

– ఒక తల్లి,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా