అయిదు ఆటల అమ్మాయిల కోసం: నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,

కోవూరు నుంచి ఒక తల్లి నమస్కారాలు. కత్తిసాము, ఈత, గుర్రపు స్వారీ (పారిస్ 2024 దాకా), పిస్టల్ గురి, పరుగు: ఈ అయిదూ ఒక్కరే చేసే ఆట ఆధునిక పెంటాథ్లాన్. ఒలింపిక్స్‌లో పురుషులకు 1912లోనే చోటు దొరికింది. మహిళలు 2000 సిడ్నీ దాకా ఆగాల్సి వచ్చింది. ఎనభై ఎనిమిదేళ్లు!

లిథువేనియా క్రీడాకారిణి లౌరా అసదౌస్కైటే 2012 లండన్‌లో స్వర్ణం గెలిచారు. 37 ఏళ్ల వయసులో టోక్యోలో రజతం తెచ్చుకున్నారు. మన దగ్గర ఇరవై దాటిన అమ్మాయిని ఆటలు చాలించి పెళ్లిచూపులకు కూర్చోమంటారు. లౌరా బలం చివరి అంకమైన లేజర్ రన్. పరుగెత్తి వచ్చి, రొప్పుతూనే చేయి కదలకుండా అయిదు గురులు కొట్టాలి, మళ్లీ పరుగెత్తాలి. అది కండబలంతో అయ్యే పని కాదు.

గుర్రాలు ఎక్కడి నుంచి తేవాలంటారేమో, ఆ బెంగ అక్కర్లేదు. పారిస్ 2024 తర్వాత స్వారీ స్థానంలో అవరోధాల పరుగు వచ్చింది. పిస్టల్ కూడా లేజర్‌దే, తూటా ఉండదు.

కాబట్టి ఏ.సి. సుబ్బారెడ్డి స్టేడియంలో నాలుగు లేజర్ పిస్టళ్లు, వాటి లక్ష్యఫలకాలు ఏర్పాటు చేయించండి. ఈతకొలనులో పొద్దున ఒక గంట అమ్మాయిలకే కేటాయించి, శిక్షకురాలిని నియమించండి. మగపిల్లల నడుమ ఈతకు పంపడానికి జంకే ఇళ్లు మా వైపు చాలా ఉన్నాయి, మా ఇల్లూ అందులో ఒకటే. వేసవి శిబిరాల ప్రకటన వెలువడేలోగా నిర్ణయం చెబితే మా పిల్లల పేర్లు ఇస్తాం.

ఇట్లు,
కోవూరు నుంచి ఒక తల్లి